నిమిషానికి ఒక చుట్టు

భవానీపురం,
2024 ఆగస్టు 11.

ప్రియమైన బాజీ,

'ప్రియమైన' అన్నది చేతి అలవాటు కొద్దీ పడింది. కొట్టేద్దామనుకున్నాను. మొదటి మాటే కొట్టివేతతో ఉంటే కాగితం అసహ్యంగా కనిపిస్తుందని వదిలేశాను. దానికి వేరే అర్థాలు తీయకు.

ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత నీకు రాస్తున్నాను. మా ఇంటి నుంచి ఆటోనగర్‌లో నీ మెకానిక్ షెడ్డుకి ఆటోలో ముప్పావు గంట. ఫోను చేస్తే అర నిమిషం. కానీ ఫోను చేస్తే నువ్వు "మాస్టారూ, బాగున్నారా" అంటావు, నేను బాగున్నానని అబద్ధం చెప్పాలి. ఉత్తరంలో ఆ అవసరం లేదు. నేను బాగాలేను. నాకు ఎనభై ఒకటి. కుడి కంట్లో సరిగ్గా మధ్యన మచ్చ వచ్చింది, ఎవర్ని చూసినా ముఖం ఉండాల్సిన చోట మసక. కొందరి విషయంలో అది మేలే అనుకో.

సంగతేమిటంటే, నేను ఇరవై ఏడేళ్లు ఫిజిక్సు చెప్పిన కాలేజీకి యాభై ఏళ్లు నిండుతున్నాయి. డిసెంబరులో సభ, ఒక సంచిక. సంచిక బాధ్యత జయకృష్ణది. హంసలదీవి సముద్రపు ఒడ్డుకి మనతో వచ్చిన తొమ్మిదిమంది పిల్లల్లో ఒకడు. తోకచుక్కని చూడమని తీసుకెళితే టార్చిలైటు పట్టుకుని పీతల వెంట పరుగెత్తినవాడు. ఇప్పుడు నాలుగు కోచింగ్ కాలేజీల యజమాని. మొన్న ఇంటికొచ్చి కాళ్లకి దణ్ణం పెట్టి, "సార్, ఆ హేలీ తోకచుక్క ఫొటో మొదటి పేజీ నిండా వేస్తాం. అప్పట్లో పేపర్లో మీ ఇద్దరి పేర్లూ పడ్డాయి గదా. ఎవరి పేరు వెయ్యాలో మీరిద్దరూ తేల్చి సంతకాలు పెట్టి ఇచ్చెయ్యండి. తర్వాత గొడవలొద్దు" అన్నాడు.

తేల్చడానికేముంది. జరిగింది జరిగినట్టు రాస్తాను. తప్పుంటే చెప్పు.

మామూలు లెన్సుతో ఆకాశాన్ని ఎవడైనా తీస్తాడు. షట్టరు పావు నిమిషం తెరిచి ఉంచినా చుక్కలు చుక్కల్లాగే పడతాయి. టెలిఫొటో లెన్సు పెడితే అది చుక్కల్ని దగ్గరికి లాగినట్టే భూమి తిరగడాన్ని కూడా దగ్గరికి లాగుతుంది. రెండు సెకన్లు దాటితే చుక్క కాస్తా గీత. తోకచుక్క తోక ఫిల్ము మీద పడాలంటే పన్నెండు నిమిషాలు కావాలి. పన్నెండు నిమిషాలు కెమెరా ఆకాశంతో పాటు తిరగాలి. దానికి ఉపాయం నేను ఒక విదేశీ పత్రికలో చదివాను. రెండు చెక్కలు, వాటిని కలిపే తలుపు బందు. బందు ధ్రువనక్షత్రం వైపు చూడాలి. పై చెక్క మీద కెమెరా. కింది చెక్కలోంచి పైకి ఒక బోల్టు. బోల్టుని ఆపకుండా, మెల్లగా, నిమిషానికి ఒక చుట్టు పూర్తయ్యేలా తిప్పితే పై చెక్క సరిగ్గా ఆకాశం నడిచే వేగంతో లేస్తుంది. డ్రాయింగు గీసింది నేను. బందుకీ బోల్టుకీ మధ్య పదకొండున్నర అంగుళాలని లెక్క ఇచ్చింది నేను. మూడు వందల మిల్లీమీటర్ల లెన్సు నాది, దానికోసం పెళ్లినాటి స్కూటరు వదులుకున్నాను. చెక్కలు కోసి బిగించింది నువ్వు, కాదనను. నేను అడక్కుండానే కెమెరా పక్కన ఒక విరిగిన బైనాక్యులర్‌లో సగం ముక్క కూడా కట్టావు. "చుక్క కదులుతుందేమో చూసుకోడానికండీ" అన్నావు. లెక్క ఉండగా కాపలా ఎందుకని నవ్వాను.

1986 ఉగాది ముందు అమావాస్య. పిల్లలంతా ఇసకలో కూర్చున్నారు. నేను వాచీ చూసి ప్రతి నిమిషానికీ, కొత్త చుట్టు మొదలవ్వాల్సినప్పుడు, "తిప్పు" అన్నాను. నువ్వు తిప్పావు. నాలుగు ఎక్స్‌పోజర్లు. మొదటి మూడూ పాడయ్యాయి, చుక్కలన్నీ గీతలు. ఎందుకు పాడయ్యాయో ఫిల్ము కడగగానే నాకు అర్థమైంది. నీ చెయ్యి వణికింది. నాలుగోసారి నువ్వు నా మాట కంటే ముందే తిప్పడం చూశాను. నేను "తిప్పు" అనేసరికి నీ చెయ్యి అప్పటికే తర్వాతి చుట్టులో ఉంది. రెండుసార్లు చూసి ఊరుకున్నాను, మూడోసారి అరిచాను. ఏమన్నానో నాకు జ్ఞాపకమే. "నట్లు తిప్పేవాడివి నట్లు తిప్పు, ఆలోచించే పని నాది." పిల్లలు నవ్వారు. నువ్వు ఆ సగం బైనాక్యులర్‌కి కన్ను ఆనించుకుని ఉండిపోయావు. ఆ నాలుగోది బాగా వచ్చింది. అరిచాను కాబట్టి వచ్చింది.

పేపరువాడు తోక సగం కత్తిరించి, కింద ఇద్దరి పేర్లూ వేశాడు. నీ షెడ్డుకి వచ్చి నీ పేరెందుకు పడిందని అడిగాను. "వాళ్లే వేశారు మాస్టారూ" అన్నావు. తీయించమన్నాను. నువ్వు కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటూ, తలెత్తకుండా, "పడింది గదండీ, ఉండనివ్వండి" అన్నావు. ఆ ఒక్క మాట కోసం నీతో తెంచుకున్నాను. మా ఆవిడ బుల్లెమ్మ, "ఆయన పేరు పక్కనుంటే మీకేం తరిగింది" అంది. దానికి ఆమెతో కూడా నెల్లాళ్లు మాట్లాడలేదు. ఆమె పోయి తొమ్మిదేళ్లు. ఆ నెల్లాళ్లు ఎవర్నడిగి తెచ్చుకోను?

నా మీద ఎక్కి పైకి వెళ్లినవాళ్లని లెక్కపెడితే ఈ కాగితం చాలదు. నా నోట్సు తన పేరుతో అచ్చేసుకున్న మా డిపార్టుమెంటు హెడ్డు, నేను రాసిచ్చిన ఉపన్యాసానికి నన్నే పిలవని సంఘం, అందరూ పోయారు. ఇంట్లో గోడల నిండా పుస్తకాలున్నాయి, ఒక్కదాని మీదా నా పేరు లేదు. ఈ ఫొటో ఒక్కటి ఉంది. పోయేలోగా ఇది నాది అనిపించుకోవాలి. కాగితం జతపరుస్తున్నాను. 'ఈ ఫొటో వెంకటసుబ్బారావు గారు ఒక్కరే తీశారు, నాకు దీనితో సంబంధం లేదు' అని టైపు చేయించాను. కింద సంతకం చెయ్యి.

ఇట్లు,
వెంకటసుబ్బారావు


భవానీపురం,
2024 అక్టోబరు 24.

ప్రియమైన బాజీ,

కాగితం నాలుగోరోజే వచ్చింది. మీ అమ్మాయి ఇష్రత్ స్వయంగా తెచ్చింది. బ్యాంకులో పనిచేస్తున్నానంది, కూర్చోమంటే కూర్చోలేదు. "నాన్న ఏమైనా అన్నాడా" అని అడిగాను. "ఏమీ అన్లేదండీ. చదివించుకుని సంతకం పెట్టారు" అంది. కాగితం మీద నీ సంతకం, తేదీ. ఇంకొక్క అక్షరం లేదు. నువ్వు పోట్లాడతావని రెండో ఉత్తరం కూడా మనసులో తయారు చేసుకున్నాను. అది రాసే అవకాశం ఇవ్వలేదు నువ్వు. గెలిచాక ఇంత చప్పగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఆ చప్పదనం పోవడానికే ఈ పని చేశాను. ఈ నెలలో మళ్లీ ఒక తోకచుక్క వచ్చింది, పొద్దుగూకాక పడమటి వైపు. దాన్ని అదే లెన్సుతో, అవే చెక్కలతో తీసి, పాత ఫొటో పక్కన అచ్చు వేయిస్తే, బోల్టు ఎవరు తిప్పినా ఒకటేనని తేలిపోతుంది కదా. చెక్కలు అటక మీద ఉన్నాయి కాబట్టి సెప్టెంబరు వరదకి తడవలేదు. కింది అర పుస్తకాలన్నీ పోయాయి, ఇవి మిగిలాయి. వాయుగుండం వల్ల వారం రోజులు మబ్బు. మొన్న మంగళవారం తెరిపిచ్చింది. పై వాటాలో ఉండే హన్నా టీచరు తన కారులో తీసుకెళ్లింది. రిటైరైన హెడ్మిస్ట్రెస్, అరవై ఆరేళ్లు, ఎవరి మాటా పడదు. మోపిదేవి దాటాక కరకట్ట మీద ఆపాం. ఒకవైపు వరిచేలు, ఒకవైపు కృష్ణ. ఏడు గంటలకి తోకచుక్క కనిపించింది. నాకు కాదు, ఆవిడకి. నేను ఎడమ కన్నుతో కెమెరా తెర మీద చూశాను.

లెన్సు పాతదే, కెమెరా మాత్రం ఇప్పటిది, సెకండ్ హ్యాండు. పన్నెండు నిమిషాల బదులు నాలుగు చాలు. నేను వాచీ చూసి "తిప్పు" అన్నాను. ఆవిడ తిప్పింది. తెర మీద చూస్తే చుక్కలన్నీ గీతలు. ఫిల్ము అయితే కడిగేదాకా ఆశ ఉండేది. ఇది ముఖం మీదే చెప్పేసింది.

"చెయ్యి వణికినట్టుంది టీచర్ గారూ" అన్నాను.

"నా చేతికి వంక పెట్టకండి మాస్టారూ. ముప్పై ఆరేళ్లు బోర్డు మీద రాసిన చెయ్యిది. వణకదు."

మళ్లీ తీశాం. మళ్లీ గీతలు. మూడోసారీ అంతే. మూడింటిలోనూ గీతలు ఒకే పొడవు, ఒకే దిక్కు. వణికిన చెయ్యి వంకర గీతలు గీస్తుంది, ఇలా స్కేలు పెట్టి గీసినట్టు గియ్యదు. అది అక్కడ, ఆ చీకట్లో, ఎనభై ఒకటో ఏట తట్టింది నాకు. హంసలదీవి మూడు నెగెటివ్‌ల మీదా ఇవే గీతలు. ముప్పై ఎనిమిదేళ్లుగా నా దగ్గరే ఉన్నాయి.

"నిమిషానికొక చుట్టని ఎవరు చెప్పారండీ?" అంది ఆవిడ.

"నేనే."

"అయితే మిమ్మల్నే అడగండి మరి."

టీచరు బ్యాగులో స్కేలు లేకుండా ఉండదు. టార్చిలైటు వేసి బోల్టు మీద ఆనించాను. ఆవిడ మరలు లెక్కపెట్టింది. పది మరలు, సరిగ్గా ఒక సెంటీమీటరు. బాజీ, ఆ పత్రికలో చెప్పింది పావు అంగుళం బోల్టు. అది ఒక్క చుట్టుకి మిల్లీమీటరుపైన పావు ముందుకి జరుగుతుంది. పదకొండున్నర అంగుళాల లెక్క దానిది. ఇది ఆరు మిల్లీమీటర్ల బోల్టు, చుట్టుకి ఒక్క మిల్లీమీటరే జరుగుతుంది. దీన్ని నిమిషానికి ఒక చుట్టు చొప్పున తిప్పితే చెక్క ఎప్పటికీ ఆకాశం వెనకే ఉండిపోతుంది.

ఆ బోల్టు తెచ్చింది నువ్వు కాదు. అది కూడా నేనే. మీ వీధి మొదట్లో స్పేర్ పార్టుల కొట్టులో పావు అంగుళం అని అడిగితే, కౌంటరు మీదివాడు "ఇప్పుడన్నీ మిల్లీమీటర్లేనండీ, రెండూ ఒకటే, పట్టుకెళ్లండి" అన్నాడు. వేళ్ల మధ్య పెట్టి చూశాను, లావు ఒకటిగానే ఉంది. ఫిజిక్సు లెక్చరర్ని, మర కొలవలేదు. లావు చూసి తెచ్చేశాను.

అక్కడే లెక్క వేశాను. నలభై ఏడు సెకన్లకి ఒక చుట్టు. నాలుగోసారి నలభై ఏడుకి "తిప్పు" అన్నాను. చుక్కలు సూదితో పొడిచినట్టు పడ్డాయి. తోక, తెర ఆ అంచు దాకా. హన్నా టీచరు, "అబ్బ, ఎంత బావుందండీ" అంది. నేను కట్ట మీద కూర్చుండిపోయాను. ఆవిడ నాకు గుండెనొప్పి వచ్చిందనుకుని అంబులెన్సుకి ఫోను చెయ్యబోయింది.

హంసలదీవిలో నాలుగోసారి నువ్వు నా మాట కంటే ముందే తిప్పావు. ఇక అడగాల్సింది ఒక్కటే. తెలిసి తిప్పావా, అలవాటు కొద్దీ చెయ్యి తొందరపడిందా? తెలియక జరిగిందైతే అది అదృష్టం, అదృష్టానికి పేరు వెయ్యక్కర్లేదు. తెలిసి చేసిందైతే సంగతి వేరు. సంచిక నెలాఖరుకి ప్రెస్సుకి వెళుతుంది. నీ జవాబు చూసి జయకృష్ణకి ఏం చెప్పాలో నిర్ణయిస్తాను. తొందరగా రాయి.

వెంకటసుబ్బారావు


భవానీపురం,
2024 డిసెంబరు 18.

ప్రియమైన బాజీ,

ఈసారి ఆ మాట చూసుకునే రాశాను.

నీ కార్డు అక్టోబరు ముప్పైన అందింది. నాలుగు వాక్యాలు. "మాస్టారూ, ఉత్తరం అందింది. పాత సంగతులు నాకు గుర్తు లేవు. కళ్లు జాగ్రత్త. చీకట్లో కరకట్ట మీదికి వెళ్లకండి." నువ్వు అబద్ధం రాశావని నాకు అప్పుడే తెలుసు. వందసార్లు విప్పి బిగించిన ఇంజనులో ఏ వాషరు ఎక్కడిదో చెప్పగలిగేవాడివి, ఆ రాత్రి మర్చిపోతావా? నన్ను తప్పించడానికి ఒక సందు తెరిచి పెట్టావు. నేను తల వంచుకుని అందులోంచి దూరి బయటపడ్డాను. 'గుర్తు లేదన్నాడుగా' అనుకున్నాను. జయకృష్ణకి ఫోను చెయ్యలేదు. నా ఒక్కడి పేరుతో సంచిక అచ్చయింది.

తర్వాత నన్ను నేను ఇంకో విధంగా మోసం చేసుకున్నాను. సభలో చెబుతాను, అచ్చులో కంటే అదే గౌరవం, అందరి ముందూ చెబుతాను అనుకున్నాను. రెండు పేజీలు రాసుకుని జేబులో పెట్టుకుని వెళ్లాను. మొన్న ఆదివారం నువ్వూ ఉన్నావు కదా, చూశావు. జయకృష్ణ నన్ను వేదిక మీద కూర్చోబెట్టి, "మా సారు ఒంటిచేత్తో ఆకాశాన్ని పట్టుకున్నారు" అన్నాడు. శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. చెయ్యి జేబులోకి వెళ్లింది. కాగితం తగిలింది. బయటికి తీయలేదు.

ఏం మాట్లాడానో నీకు తెలుసు. డెబ్బై ఆరేళ్లకొకసారి వచ్చే తోకచుక్క గురించి, చైనావాళ్లు రెండువేల ఏళ్ల కిందట రాసిపెట్టుకున్న లెక్కల గురించి, మనిషి అల్పత్వం గురించి. పదకొండు నిమిషాలు. చదువుకున్నవాడికి ఉన్న సుఖం ఇదే, నిజం చెప్పాల్సిన చోట కూడా ఇంకేదో గొప్ప విషయం చెప్పగలడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎడమ కన్నుతో వెతికాను. మూడో వరసలో తెల్లచొక్కా, పక్కన మీ ఆవిడ బీబీజాన్. నువ్వూ కొడుతున్నావు. వెక్కిరింతకి కొట్టినట్టు కాదు, నిజంగా సంతోషంగా కొడుతున్నావు. అది చూసి నాకు నీ మీద మళ్లీ కోపం వచ్చింది. అంతటి మనిషిని నేను.

భోజనాల దగ్గర ఇష్రత్ వచ్చింది. నువ్వప్పుడు జయకృష్ణ కారు ఇంజను చప్పుడు విని బానెట్ ఎత్తించి చూస్తున్నావు. నాకు ప్లేటు అందించి, "ఒకటి అడగనా అండీ" అంది.

"అడుగమ్మా."

"మీ ఉత్తరాలు రెండూ నేనే చదివి వినిపించాను, నాన్నకి కళ్లజోడు మార్చాలి. మీకు తెలిసింది గదా. మరి స్టేజీ మీద ఎందుకు చెప్పలేదు?"

"మీ నాన్నకి గుర్తు లేదని రాశాడు."

ఆ అమ్మాయి నవ్వింది. "గుర్తు లేకపోవడమా. నా పెళ్లిలో మా ఆయన అఫ్జల్ వాళ్లవాళ్లకి కూడా చెప్పారండీ ఆ కథ. 'మూడుసార్లు మాస్టారి మాట విన్నాను, ఫిల్ము ఆయనది గదా. నాలుగోసారి మాత్రం చుక్క మాట విన్నాను' అంటారు. గుండ్రటి అద్దం అంచుకి ఒక చుక్కని ఆనించి పెట్టుకున్నారంట. అది జారబోయినప్పుడల్లా చెయ్యి వేగం పెంచారంట. మీరు వాచీ చూసి అరుస్తున్నారంట."

"మరి నాతో అప్పుడే చెప్పొచ్చుగా."

"నేనూ అదే అడిగాను. 'పిల్లల ముందు మాస్టారి లెక్క తప్పని ఎలా అంటామే, రేపు క్లాసులో ఆయన మాట ఎవడు వింటాడు' అన్నారు."

నా ప్లేటులో పులిహోర అలాగే ఉండిపోయింది. ఆ అమ్మాయి ఇంకొక మాట కూడా అంది. "మీరు ఆ రాత్రి అన్న మాట మాత్రం నాన్న కథలో చెప్పరండీ. అది అమ్మ చెప్పింది నాకు. ఆ మాట విన్న పిల్లల్లో ఒకడు తర్వాత చాలా ఏళ్లు బండి రిపేరుకి తెచ్చినప్పుడల్లా నాన్నని ఆ మాటతోనే పిలిచేవాడంట. నట్లు తిప్పేవాడా అని. పనివాళ్ల ముందే." ఎవడని అడగలేదు. ఎవడైతేనేం. నేర్పింది నేను.

బాజీ, పిల్లల ముందు నా పరువు నువ్వు దాచావు. అదే పిల్లల ముందు నీ పరువు నేను తీశాను. ఒకే రాత్రి, అంతా కలిపి పన్నెండు నిమిషాల్లో. తర్వాత ముప్పై ఎనిమిదేళ్లు నువ్వు నాకు అన్యాయం చేశావని చెప్పుకుని బతికాను. అదే లేకపోతే నా దగ్గర చెప్పుకోడానికి ఏమీ ఉండేది కాదనుకుంటాను.

సోమవారం జయకృష్ణకి ఫోను చేసి అంతా చెప్పాను. "సార్, వెయ్యి కాపీలు పంచేశాం. ఇప్పుడెందుకు సార్ ఇదంతా. వందేళ్ల సంచికలో సవరణ వేద్దాం లెండి" అని నవ్వాడు. అచ్చు అయిపోయింది, దాన్ని నేనేం చెయ్యలేను. నేను అన్న మాట సంగతి వేరు. అది పదిమంది ముందు అన్నాను, పదిమంది ముందే వెనక్కి తీసుకోవాలి. అందుకు నీ షెడ్డుకే వస్తాను.

వేదిక మీద నోరు పెగలనివాడు షెడ్డులో ఏం చెబుతాడని నీకు అనుమానం రావాలి. నాకూ ఉంది. అక్కడికొచ్చి టీ తాగి, వరద గురించి మాట్లాడి వెళ్లిపోగల మనిషిని నేను. అందుకే ఈ ఉత్తరం నీ పేరున పోస్టు చెయ్యడం లేదు. ఇష్రత్ చేతికి ఇస్తున్నాను. శనివారం పదకొండింటికి, మీవాళ్లంతా టీకి చేరే వేళ, అందర్నీ నిలబెట్టి మొదటి అక్షరం నుంచి గట్టిగా చదవమన్నాను. వద్దని నువ్వు అడ్డం వెళతావు, వెళ్లినా ఆగొద్దని కూడా చెప్పాను. ఆ అమ్మాయి ఆగే రకం కాదు.

కాబట్టి ఇది వింటున్నవాళ్లందరికీ చెబుతున్నాను. నేను వెంకటసుబ్బారావుని, లెక్చరరుగా చేశాను. హంసలదీవిలో లెక్క తప్పింది నేను. తప్పుని చేత్తో దిద్ది ఆ ఫొటో తీసింది మీ బాజీ. ఆయన్ని నేను అన్న మాట అబద్ధం, పొగరు. ఆ రోజు ఆలోచించింది ఆయన, అరిచింది నేను.

ఇది చదువుతుండగా నేను మీ గేటు బయట ఆటోలో కూర్చుని ఉంటాను. లోపలికి రావచ్చో లేదో నువ్వు చెప్పాలి. "రండి మాస్టారూ" అని వెంటనే అనకు, నీకా అలవాటుంది. కాసేపు ఆలోచించుకో. ఆటోవాడిని ఎంతసేపైనా ఉండమన్నాను.

నీ
వెంకటసుబ్బారావు